గ్రానైట్ బల్లకు నిలవని కాళ్ళు: ఒక కేస్ స్టడీ

ఫర్నిచర్ రిపేర్లలో మా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా కాళ్ళ గొడవలే. కుర్చీ కాలు ఆడుతోందనో, మంచం కోడు వదులైందనో వస్తారు. చాలావాటికి ఓ గంట చాలు, రాసి పెట్టుకోవాల్సినంత ఏమీ ఉండదు. ఈ బల్ల సంగతి వేరు. నాకన్నా ముందు ఇద్దరు దీనికి చెయ్యి పెట్టారు. ఇద్దరూ పని తెలిసినవాళ్ళే, అయినా కాళ్ళు నిలవలేదు. ఎందుకు నిలవలేదో ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే, బరువైన బల్లకు కాలు ఎలా బిగించాలన్నది తేటగా అర్థమైంది. ఇంటివాళ్ళు రాసుకోమన్నారు. వాళ్ళను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

బల్ల కథ

ఇల్లు నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో. భార్యాభర్తలు, పిల్లలు, ఆయన తల్లి ఉంటారు. పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు. కుర్చీలోంచి లేవాలంటే బల్ల అంచు మీద చెయ్యి ఆనించి, బరువంతా దాని మీద మోపి లేస్తారు. ఇది ముందే చెప్పడానికి కారణముంది. తర్వాత నేను తీసుకున్న చాలా నిర్ణయాలు ఈ ఒక్క అలవాటు చుట్టూనే తిరిగాయి.

డైనింగ్ టేబుల్ ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. రెడీమేడ్‌గా కొన్నది. రబ్బరు చెట్టు చెక్కతో చేసిన కాళ్ళు నాలుగు, పైన మూడంగుళాల చదరం, కిందికి వచ్చేసరికి సన్నబడతాయి. కాళ్ళను కలుపుతూ పలక కింద చుట్టూ తిరిగే పట్టెలు మూడంగుళాల ఎత్తు, ఎండీఎఫ్ (పీచు పొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) మీద పైపొర అంటించినవి. కొన్నప్పుడు పైన ఎనిమిది ఎంఎం గాజు ఉండేది. గాజు పగిలాక, ఒంగోలు వైపున్న బంధువులతో చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలక తెప్పించి, కింద 12 ఎంఎం ప్లైవుడ్ పరిచి వేసుకున్నారు. నల్లటి రాయి మీద బంగారు చుక్కలు, చూడటానికి బ్రహ్మాండంగా ఉంది.

బరువు మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. అంత సైజు గాజు పలక దాదాపు 33 కిలోలు. ఈ రాయి ఘనపుటడుగుకు 80 కిలోలు దాటుతుంది, 18 ఎంఎం మందంలో పలక మొత్తం 87 కిలోల దాకా వస్తుంది. ప్లైవుడ్, చట్రం కలుపుకుంటే బల్ల 120 కిలోలు. కాళ్ళు, పట్టెలు, బోల్టులు మాత్రం గాజు కోసం చేసినవే.

వచ్చిన ఫిర్యాదు

"బల్ల ఊగుతోందన్నా, అమ్మ దాని మీద చెయ్యేసినప్పుడల్లా టెన్షన్‌గా ఉంటోంది" అని ఇంటాయన ఫోను. నేను వెళ్ళినప్పుడు పెద్దావిడ తన మాటల్లో ఇంకా సూటిగా చెప్పారు: "దీన్ని పట్టుకోని లేస్తే అదే నా మీదికి వచ్చేట్టుండాది నాయనా."

ఊగడం రెండు రకాలు. నేల ఎగుడుదిగుడుగా ఉండి ఒక కాలు గాల్లో ఉండటం ఒకటి. నాలుగు కాళ్ళూ నేలకు ఆని ఉన్నా అతుకు దగ్గర వదులుండటం రెండోది. ఈ తేడా చూడకుండా పని మొదలుపెడితే కాలి కింద అట్టముక్క పెట్టి వచ్చేయడమో, లేదా బాగున్న అతుకును విప్పి పాడుచేయడమో జరుగుతుంది. ఇక్కడ నాలుగు కాళ్ళ కిందా కాగితం దూర్చి చూశాను, ఎక్కడా దూరలేదు. నేల తప్పు కాదు.

తర్వాత బల్ల కింద పడుకుని టార్చి వేశాను. ఇంటాయన్ని బల్ల మూలను మెల్లగా అటూ ఇటూ నెట్టమన్నాను. కాలికీ పట్టె చివరకూ మధ్య సందు పైన మూసుకుని ఉండి కింద తెరుచుకుంటోంది, వెనక్కి నెడితే తిరగబడి పైన తెరుచుకుంటోంది. విజిటింగ్ కార్డు పెడితే నెట్టినప్పుడల్లా అర అంగుళం లోపలికి జారి, వదలగానే ఇరుక్కుపోతోంది. నాలుగు కాళ్ళలోనూ అంతే. కాకపోతే వంటింటి వైపున్న రెండూ ఎక్కువ.

ఆ రెండే ఎందుకని అడిగితే అసలు విషయం బయటపడింది. రోజూ ఇల్లు తుడిచేటప్పుడు బల్లను ఆ వైపు నుంచి పట్టుకుని గోడ దాకా ఈడుస్తారు, తుడిచాక మళ్ళీ లాగుతారు. ఇంట్లో వ్రతమో పూజో ఉంటే హాల్లో నేల మీద విస్తళ్ళు వేయడానికి బల్లను పూర్తిగా పక్కకు నెట్టేస్తారు.

అంతకుముందు ఏం చేశారు

కాలిని పట్టెలకు కలిపిన పద్ధతి రెడీమేడ్ బల్లల్లో మామూలుగా కనిపించేదే. రెండు పట్టెలు కలిసే మూలలో అడ్డంగా ఒక వంచిన రేకు ఉంటుంది. రేకు చివరలు పట్టెల్లో కోసిన సన్నటి గాళ్ళలో కూర్చుంటాయి. కాలి లోపలి మూలలోంచి ఒక బోల్టు బయటికి వచ్చి ఉంటుంది. దాని ఒక కొనకు చెక్కలో దిగే స్క్రూ మర, రెండో కొనకు నట్టు మర. ఆ కొన రేకు బెజ్జంలోంచి వస్తే చెవుల నట్టు వేసి చేత్తో బిగిస్తారు. నట్టు బిగిసేకొద్దీ కాలు లోపలికి లాగబడి పట్టెల చివరలకు ఒత్తుకుంటుంది.

ఈ పద్ధతిని తక్కువ చేయను. నులక మంచంలో కోళ్ళకూ పట్టెలకూ జిగురుండదు, మేకులుండవు. నులక బిగువే అన్నిటినీ లోపలికి లాగి పట్టి ఉంచుతుంది, సడలితే కాళ్ళవైపు తాడు లాగి బిగిస్తే మంచం మళ్ళీ గట్టిపడుతుంది. ఈ బోల్టు చేసేదీ అదే. లాగే బలం ఉన్నంతసేపు అతుకు గట్టిది. లాగే బలం ఎక్కడ జారిపోతోంది అన్నదే ప్రశ్న.

మొదట వచ్చిన మేస్త్రి నట్లు బిగించాడు. కొన్నాళ్ళకు మళ్ళీ వదులు. ఈసారి బిగిస్తే బోల్టే కాలిలో గిర్రున తిరిగింది, చెక్కలో మర అరిగిపోయింది. అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి బెజ్జంలో కుక్కి, బోల్టు మళ్ళీ ఎక్కించాడు. తలుపు కీలు స్క్రూకు ఈ చిట్కా బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ లాగుడు తక్కువ. ఇక్కడ మర పట్టుకోవాల్సింది మెత్తటి అగ్గిపుల్లలను. వాటి నార బోల్టుతో పాటే నిలువుగా ఉంటుంది కాబట్టి, లాగితే నారల మధ్య జారి వచ్చేస్తుంది.

రెండో మేస్త్రి ఇంకో దారి పట్టాడు. ప్రతి మూలలో ఇనుప ఎల్ యాంగిళ్ళు పెట్టి ముప్పావు అంగుళం స్క్రూలతో కాలికీ పట్టెకూ బిగించాడు. కాలిలో దిగినవి నిలిచాయి. ఎండీఎఫ్‌లో దిగినవి పొడి పొడిగా ఊడొచ్చాయి. ఎండీఎఫ్‌లో చెక్కకుండే నార ఉండదు, నొక్కిన పొడే అది. దాంట్లో పొట్టి స్క్రూ తిన్నగా నిలబడుతుంది గానీ, అటూ ఇటూ కదిపితే బెజ్జం గోడలు నలిగిపోతాయి. యాంగిళ్ళకు ఉప్పుగాలి తగిలి అప్పటికే తుప్పు మొదలైంది.

మొదటి విడత: రాయి ఎత్తకుండా

నేను వెళ్ళింది సంక్రాంతి దగ్గర. బంధువులు రావాలి, రాయి దించడం ఇప్పుడొద్దన్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. 87 కిలోల పలకను దించి, నిలబెట్టి, పిల్లలు తిరిగే ఇంట్లో రోజుల తరబడి ఉంచడం మంచిది కాదు. కాబట్టి రాయి జోలికి పోకుండా కింద నుంచి చేయగలిగింది చేద్దామని, ఇది ఎంతకాలం నిలుస్తుందో చూడటమే పరీక్ష అని ముందే చెప్పి మొదలుపెట్టాను.

నా ఆలోచన ఇది. కనిపిస్తున్న బలహీనత కాలిలో అరిగిన మర. అది బాగుచేస్తే మిగతావి ఓర్చుకుంటాయా లేదా తెలుస్తుంది. అగ్గిపుల్లలు తీసేసి, బెజ్జం శుభ్రంగా తొలిచి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురు నింపి బోల్టులు కూర్చోబెట్టాను. గుండ్రటి చెక్క బిరడా కొట్టి దాంట్లో కొత్త మర తీయొచ్చు కదా అంటే, షాపులో దొరికే బిరడాలకు నార పొడవునా ఉంటుంది. బోల్టు మళ్ళీ నార వెంబడే దిగుతుంది, అంటే అగ్గిపుల్లల కథే పెద్ద సైజులో. చెవుల నట్లు తీసేసి నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి, వాటంతటవి వదులుకానివి) వేశాను, వాటి కింద వెడల్పాటి వాషర్లు. సన్నటి మూల రేకు వంగకుండా వెనక ఇంకో మందపాటి పట్టీ జోడించాను.

సంక్రాంతికి బల్ల గట్టిగా నిలిచింది. ఎండలు ముదిరాక మళ్ళీ ఫోను వచ్చింది.

వెళ్ళి చూస్తే ఎపాక్సీ పెట్టిన బోల్టులు ఒక్కటీ కదల్లేదు. నైలాక్ నట్లు పెట్టినచోటే ఉన్నాయి. ఈసారి పోయింది పట్టె: వంటింటి వైపు రెండు మూలల్లో రేకు కూర్చునే గాడి పెచ్చులూడి, రేకు కొన బయటికి జారింది. గాడికీ పట్టె చివరకూ మధ్య ముప్పావు అంగుళం కూడా లేదు. ఆ కాస్త ఎండీఎఫ్ ముక్కే కాలి లాగుడంతా మోయాలి.

ఈ ఫలితం నాకు చాలా పనికొచ్చింది. ఒకచోట గట్టిచేస్తే పక్కది తెగిందంటే, ఏ ఒక్క భాగమో నాసిరకమని కాదు. అతుకు మీద పడే బలమే ఆ అతుకు తట్టుకోగలిగే దానికన్నా ఎక్కువని అర్థం. ఇక మరమ్మతు మీద మరమ్మతు చేయడం మానేసి లెక్క వేయాలి.

బరువు కాదు, అడ్డ లాగుడు

120 కిలోల బల్ల నాలుగు కాళ్ళ మీద నిలబడితే కాలికి 30 కిలోలు. నిలువుగా 30 కిలోలు ఆ కాలికి ఒక లెక్కే కాదు, మనిషి ఎక్కి నిలబడినా మోస్తుంది. ఈడ్చినప్పుడు సంగతి వేరు. టైల్స్ మీద కాలు జారడానికి దాని మీదున్న బరువులో సుమారు మూడోవంతు అడ్డు వస్తుందనుకుంటే, ప్రతి కాలి కొసనూ నేల పది కిలోల బలంతో వెనక్కి లాగుతుంది. చూడటానికి పదే. కానీ కాలి పొడవు 28 ముప్పావు అంగుళాలు. పట్టె కింది అంచు దగ్గర కాలు మడతపడాలని చూస్తుంది, అక్కడి నుంచి నేల దాకా దాదాపు 26 అంగుళాలు. దాన్ని ఆపాల్సిన బోల్టు ఆ అంచుకు ఒకటిన్నర అంగుళం దూరంలోనే ఉంది. పదిని 26తో హెచ్చవేసి ఒకటిన్నరతో భాగిస్తే 170 కిలోలు దాటుతుంది. బోల్టు మూలకు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నిజంగా పడేది ఇంకా ఎక్కువ. అవతలి వైపు నెడితే పట్టె పై అంచు ఇరుసవుతుంది, అప్పుడు 190.

రోజూ రెండుసార్లు ఇంత బలం అటొకసారి ఇటొకసారి. గాజు ఉన్న రోజుల్లో బల్ల బరువే సగం, లాగుడూ సగమే. అందుకే అప్పుడు నిలిచిన కాళ్ళు రాయి వేశాక ఆడటం మొదలుపెట్టాయి.

పెద్దావిడ లేచేటప్పుడు పడేదీ ఇలాంటిదే. ఆవిడ బరువు కిందికి మాత్రమే పడదు, ముందుకు కూడా నెడుతుంది.

ఏం చేయాలి, ఏం వద్దు

నాలుగు దారులు కనిపించాయి. కాళ్ళకు కింద అడ్డకర్రలు వేయడం బలానికి చాలా మంచిది. నేలకు నాలుగంగుళాల ఎత్తులో హెచ్ ఆకారంలో కర్రలు వేస్తే కాలు పొడవంతా మీటలా పనిచేయడం ఆగిపోతుంది. ఇంటావిడ ఒప్పుకోలేదు. తుడవడం కష్టం, పెద్దావిడ కాలికి తగిలితే పడిపోతారన్నారు. రెండో మాట విన్నాక నేనూ పట్టుబట్టలేదు.

ఇంటాయన అడిగింది 40 ఎంఎం చదరపు పైపుతో వెల్డింగ్ చట్రం. బలం ఒక్కటే చూస్తే అదే మేలు. కానీ సముద్రపు గాలి, రోజూ తడిగుడ్డ. పైపు కాలి అడుగున మూత దగ్గర నీళ్ళు చేరి లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైన రంగు బాగానే కనిపిస్తుంది, లోపల పలచబడుతూ ఉంటుంది. 87 కిలోల రాయి కింద కంటికి కనిపించని తుప్పు నాకు ఇష్టం లేదు.

కాళ్ళకు చక్రాలు పెడితే ఈడ్వడం తేలిక, అతుకు మీద బలం పడదు. అయితే చెయ్యి ఆనించి లేచే మనిషి ఉన్న ఇంట్లో చక్రాల బల్ల పెట్టకూడదు. బ్రేకు ఉన్న చక్రాలైనా సరే, తుడిచాక బ్రేకు వేయడం ఒక్కరోజు మరిచిపోతే చాలు.

మిగిలింది పట్టెల ఎత్తు పెంచి, అతుకు పూర్తిగా మార్చడం. పట్టె ఎంత ఎత్తుంటే బోల్టుకూ ఇరుసుకూ మధ్య దూరం అంత పెరుగుతుంది. పెంచడానికి మోకాళ్ళు ఒక హద్దు. కుర్చీ సీటు 18 అంగుళాలు. నాలుగున్నర అంగుళాల పట్టె వేస్తే దాని కింద నేల దాకా 24 పావు మిగులుతుంది, తొడలకు ఆరు పావు అంగుళాల చోటు. అయిదు వేసి ఉంటే బలం ఇంకా బాగుండేది గానీ, ఇంటాయన లావాటి మనిషి, కూర్చోబెట్టి కొలిస్తే తగిలేట్టుంది. నాలుగున్నర దగ్గర ఆగాను.

పట్టెలకు పాత ఇంటి వేప దూలం ఒకటి కొన్నాను. డిపోలో కొత్త కర్ర కొంటే అది ఎంత ఆరిందో నమ్మకం లేదు, పచ్చిగా ఉన్నది బిగిస్తే ఎండల్లో ఎంతో కొంత కుంచించుకుంటుంది. దశాబ్దాలు కప్పు కింద ఉన్న దూలం అప్పటికే కుదురుకుని ఉంటుంది. పాత మేకుల కోసం అయస్కాంతంతో మొత్తం తడిమి చూడాలి, లేకపోతే రంపం పళ్ళు పోతాయి. వేప నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, చిత్రిక పట్టేవాడికి చిరాకు. ఇక్కడ మాకు కావలసింది ఆ అల్లికే, గాడి పక్కన తొందరగా పెచ్చు లేవదు.

కాలి లోపల కడ్డీ

పాత కాళ్ళు చెక్క బాగున్నాయి. పురుగు లేదు, పగులు లేదు. మార్చాల్సిన పని లేదనుకున్నాను. కానీ చెక్కలో మర మీద నాకు నమ్మకం పోయింది. స్క్రూ మర చెక్కను చిన్న చిన్న అంచులతో పట్టుకుంటుంది, ఆ అంచులు ఒకసారి తెగితే మళ్ళీ రావు. అదే చెక్కను పెద్ద ముఖం మీద ఒత్తితే బోలెడు బలం మోస్తుంది. మర ఇనుముకూ ఇనుముకూ మధ్యే ఉండాలి, చెక్క పని ఒత్తుకోవడం వరకే ఉండాలి అన్నది ఆలోచన.

లేత్ షాపులో 16 ఎంఎం స్టెయిన్‌లెస్ కడ్డీ నాలుగంగుళాల ముక్కలు నాలుగు కోయించాను. ప్రతి ముక్కకూ అడ్డంగా రెండు బెజ్జాలు, ఒకటి పై కొస నుంచి ఒకటిన్నర అంగుళం, రెండోది మూడున్నర దగ్గర. రెండిట్లోనూ ఎం8 మర, అంటే 8 ఎంఎం బోల్టు పట్టే మర, తీయించాను. పై కొసన స్క్రూడ్రైవర్ ఆనేలా ఒక గీత. కాలి తల మీద నుంచి నిలువుగా నాలుగంగుళాల లోతు బెజ్జం తొలిచి కడ్డీని అందులో దించాను. కాలి లోపలి మూలలోంచి వచ్చే బోల్టులు నేరుగా ఈ కడ్డీలోకి ఎక్కుతాయి. పైన ప్లైవుడ్, రాయి వస్తాయి కాబట్టి కడ్డీ బయటికి కనపడదు. పాత అరిగిన బెజ్జం ఒకటిన్నర అంగుళం దగ్గరే ఉంది. దాంట్లోంచి ఎపాక్సీ, పాత బోల్టు తీసి 9 ఎంఎంకు పెద్దది చేశాను. ఇక దాంట్లో మర ఉన్నా లేకున్నా ఒకటే, బోల్టు దాన్ని తాకకుండా దూరి వెళ్ళిపోతుంది. పాత బోల్టులు తీయడమే పెద్ద తంటా. వేడిచేస్తే ఎపాక్సీ మెత్తబడుతుంది, రెండు నట్లు ఒకదాని మీద ఒకటి బిగించి పానాతో తిప్పితే వచ్చాయి.

మొదటి కాలికి కడ్డీ దించాక కింది బోల్టు ఎక్కలేదు. టార్చి వేసి బెజ్జంలోకి చూస్తే కడ్డీలోని మర రవ్వంత పక్కకు తిరిగి, అర్ధచంద్రంలా కనిపించింది. పైన గీతలో స్క్రూడ్రైవర్ పెట్టి వెంట్రుకవాసి తిప్పితే నిండుగా కనిపించింది, బోల్టు వేలితోనే లోపలికి వెళ్ళింది. ఆ గీత పెట్టించకపోతే కడ్డీని మళ్ళీ బయటికి లాగాల్సి వచ్చేది. ఇంకొకటి, స్టెయిన్‌లెస్ బోల్టు స్టెయిన్‌లెస్ మరలో పొడిగా తిప్పితే మధ్యలో కరుచుకుపోతుంది, ముందుకూ వెనక్కూ రాదు. మరకు గ్రీజు పూయాలి, మెషిన్‌తో కాకుండా చేత్తో నిదానంగా ఎక్కించాలి.

మూల రేకుల బదులు వేప దిమ్మలు పెట్టాను, ఒకటిన్నర అంగుళం మందం, నాలుగంగుళాల ఎత్తు. చివరలు ఏటవాలుగా కోసి పట్టెల్లో చిన్న గాడి తీసి కూర్చోబెట్టి, జిగురు, స్క్రూలు వేశాను. గాడి పట్టె చివరకు అంగుళంన్నర దూరం. దిమ్మకూ కాలికీ మధ్య పావు అంగుళం ఖాళీ ఉండి తీరాలి. ఇది చాలామంది పట్టించుకోరు. దిమ్మ కాలికి తాకిందంటే బోల్టు ఎంత బిగించినా దిమ్మకూ కాలికీ మధ్యే బిగుస్తుంది, కాలు పట్టెల చివరలకు ఒత్తుకోదు. చూస్తే నట్టు రాయిలా ఉంటుంది, కాలు మాత్రం ఆడుతుంది. నా అనుభవంలో చెక్క దిమ్మలున్న బల్లలు ఊగడానికి మొదట వెతకాల్సింది ఈ ఖాళీనే.

90 ఎంఎం బోల్టులు, తల కింద వెడల్పాటి వాషరు, స్ప్రింగ్ వాషరు. ఇప్పుడు పాత లెక్కే మళ్ళీ వేస్తే, ఏ వైపు నెట్టినా ఒక్కో బోల్టు మీద పడేది 70, 75 కిలోల దగ్గర ఉంది. ముందున్నదాంట్లో సగం కూడా లేదు.

బిగించడం, రాయి ఎక్కించడం

చట్రాన్ని బోర్లా వేసి బోల్టులన్నీ ముందు వేళ్ళతోనే ఎక్కించాను. మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టి, రెండు కొలతలూ సమానమయ్యాకే పానా పట్టాను. ఒక కాలు పూర్తిగా బిగించి తర్వాతి దానికి పోతే చట్రం మెలికపడుతుంది. నాలుగింటికీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. చివరి బిగింపు బల్లను నేల మీద నిలబెట్టి, రాయి లేకుండానే చేశాను. కాళ్ళ అడుగున ఎత్తు సర్దుకునే నైలాన్ పాదాలు వేశాను. వాటితో టైల్ తేడా సర్దడం ఒక లాభం, ఈడ్చినప్పుడు రాపిడి తగ్గడం రెండోది. ఫెల్ట్ ముక్కలు వద్దన్నాను, తడిగుడ్డ నీళ్ళు పీల్చి కాలి అడుగును కుళ్ళబెడతాయి.

రాయి విషయంలో ఒక్కటే నియమం: పలకను ఎప్పుడూ అంచు మీద నిలబెట్టి మోయాలి. పడుకోబెట్టి నలుగురు నాలుగు మూలలు పట్టుకుంటే మధ్యలో వంగే బలం రాయికి ఉండదు, ఏ సన్నటి గీత దగ్గరో రెండు ముక్కలవుతుంది. పట్టెల మధ్య రెండు అడ్డకర్రలు కూడా వేశాను, కింద ఆనిక కోసం. ప్లైవుడ్ మీద అక్కడక్కడా చుక్కలుగా న్యూట్రల్ రకం సిలికాన్ పెట్టి రాయి దించాం. మామూలు పుల్లటి వాసన వేసే సిలికాన్ రాయికి మరక పట్టించవచ్చు. మొత్తం పూయలేదు, రేపు ఎవరైనా విప్పాలంటే సన్నటి తీగతో కోసి ఎత్తగలగాలి.

ఖర్చు కొత్త బల్ల ధరలో మూడోవంతు దాకా అయ్యింది. చెక్క కన్నా కూలీకే ఎక్కువ పోయింది. ఇది అందరికీ గిట్టుబాటు కాదు. రాయి, కాళ్ళు రెండూ బాగున్నాయి కాబట్టే చేశాం.

తర్వాత

వానాకాలం వెళ్ళి, మళ్ళీ వడగాడ్పులు మొదలయ్యాక చూడటానికి వెళ్ళాను. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలిలో తడి, మే నెలలో పడమటి గాలి చెక్కను పిప్పి చేస్తుంది. మూడంగుళాల కాలు ఈ తేడాకు అర మిల్లీమీటరు పైచిలుకు కుంచించుకోవచ్చు. బోల్టు బిగువు తగ్గడానికి అది చాలు, స్ప్రింగ్ వాషర్లు పెట్టింది అందుకే. 13 నంబరు పానా పెడితే కొన్ని బోల్టులు పావు చుట్టు తిరిగాయి, కొన్ని అసలు తిరగలేదు. విజిటింగ్ కార్డు ఏ సందులోనూ దూరలేదు. పానా ఒకటి వాళ్ళింట్లోనే ఉంచి, ఏటా ఎండాకాలం చివర ఒకసారి చూసుకోమన్నాను. బల్లను ఈడ్వడం మాత్రం మానలేదు, మానతారని నేనూ అనుకోలేదు. పెద్దావిడ అలవాటు కొద్దీ ముందు బల్లను ఒకసారి కదిపి చూసుకుని తర్వాతే లేస్తున్నారు.

ఈ పని తర్వాత నేను ఫోనులో అడిగే ప్రశ్నల వరస మారింది. కాలు ఏ చెక్క, ఎన్నాళ్ళయింది అనేవి తర్వాత. పై పలక మార్చారా, బల్లను ఎంత తరచుగా జరుపుతారు, దాన్ని పట్టుకుని లేచేవాళ్ళు ఇంట్లో ఉన్నారా అని ముందు అడుగుతున్నాను. గాజు తీసి గ్రానైట్ వేసుకున్న బల్లలు మన వైపు చాలానే ఉన్నాయి, చీమకుర్తి దగ్గర కావడం వల్ల.

కాలిలో కడ్డీ పద్ధతిని ఎక్కడ పడితే అక్కడ వాడకూడదు. కాలి తల రెండున్నర అంగుళాల కన్నా సన్నగా ఉంటే 16 ఎంఎం బెజ్జం తొలిచాక చుట్టూ మిగిలే చెక్క చాలదు, నిలువునా చీలే ప్రమాదం ఉంది. అలాంటి కాళ్ళకు పాతకాలపు కుసి, బెజ్జం అతుకే (పట్టె కొసను సన్నగా చెక్కి కాలి బెజ్జంలో దూర్చేది) నయం, అది విప్పదీయడానికి రాకపోయినా. పట్టెలే లేకుండా పలకకు నేరుగా బిగించే ఇనుప కాళ్ళకు ఈ లెక్కలేవీ సరిపోవు. అక్కడ కాలి పైనుండే ప్లేటు ఎంత వెడల్పో, దాని స్క్రూలు ఒకదానికొకటి ఎంత దూరమో చూడాలి. పార్టికల్ బోర్డు పలకైతే స్క్రూల బదులు పై నుంచి కిందికి బోల్టు దూర్చడమో, కింద ఒక మందపాటి చెక్క అంటించి దానికి బిగించడమో చేయాలి. రాయి పలకకు నేరుగా ప్లేటు అంటించే పని అడిగితే మాత్రం నేను ఒప్పుకోను.